ఇన్సులిన్ మొదలైన తొలి నెలలు: ఫోను ఎంతవరకు ఆదుకుంటుంది?

టైప్-2 మధుమేహానికి ఇన్సులిన్ రాసివ్వడం నిమిషం పని. మోతాదు కుదరడానికి మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. యాప్‌లు, చర్మానికి అతికించుకుంటే షుగరును ఎప్పటికప్పుడు కొలిచే సెన్సర్లు, రీడింగును ఫోనుకు పంపే బ్లూటూత్ గ్లూకోమీటర్లు అక్కరకు వచ్చేది ఆ మధ్యకాలంలోనే. మధుమేహ వైద్యుడిగా వాటి గురించి నేను తరచూ వినే మాటలివి.

అపోహ: పది యూనిట్లు వేసుకుంటున్నా షుగరు దిగలేదు. ఇన్సులిన్ నాకు పనిచేయదు.

వాస్తవం: పది యూనిట్లు మొదటి మెట్టు మాత్రమే. షుగరు మరీ పడిపోకూడదని తక్కువలో మొదలుపెడతాం. రోజంతా నిలకడగా పనిచేసేలా రోజుకోసారి వేసుకునే బేసల్ ఇన్సులిన్ అయితే సాధారణంగా 10 యూనిట్లు, లేదా కిలో బరువుకు 0.1 నుంచి 0.2 యూనిట్లు. తరవాత పరగడుపు షుగరు చూసుకుంటూ మూడు రోజులకోసారి 2 యూనిట్లు పెంచడం ఎక్కువగా పాటించే పద్ధతి. చాలామందికి పరగడుపు షుగరు గమ్యం 80 నుంచి 130 (మి.గ్రా./డె.లీ.). మీకు సరిపడేది 30 యూనిట్లు అనుకుందాం. ఈ లెక్కన నెల రోజుల్లో చేరతారు. డాక్టరును మూడు నెలలకోసారి కలిసినప్పుడే ఆ రెండేసి యూనిట్లు పెంచితే రెండున్నరేళ్లు! రీడింగులు చేతిలో లేకుండా ఒకేసారి ఎక్కువ పెంచడానికి మాకూ ధైర్యం చాలదు. డిజిటల్ సాధనాలు తగ్గించేది ఈ జాప్యాన్నే.

అపోహ: ఇదంతా స్మార్ట్‌ఫోను బాగా వాడేవారికే.

వాస్తవం: న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆస్పత్రిలో మామూలు ఎస్ఎంఎస్‌లతో ఒక అధ్యయనం చేశారు. పనిదినాల్లో ‘ఈ ఉదయం పరగడుపు షుగరు ఎంత?’ అని సందేశం వస్తుంది. జవాబుగా అంకె పంపితే చాలు. వారానికోసారి నర్సు ఫోన్ చేసి మోతాదు మార్పు చెబుతుంది. 12 వారాల్లో ఈ పద్ధతిలో 88 శాతం మంది తగిన మోతాదుకు చేరారు. ఎప్పటిలా ఆస్పత్రికి వచ్చివెళ్లినవారిలో 37 శాతమే. 2015లో వెలువడిన ఈ ఫలితాలు సుమారు అరవై మందికి సంబంధించినవే, చిన్న అధ్యయనమే. అయినా నాకు నచ్చింది, ఎందుకంటే ఇందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు. అంకె పంపితే పలికే మనిషి ఉన్నారు, అంతే.

అపోహ: యాప్ లెక్క చెబుతుంది కాబట్టి ఇక డాక్టరు అక్కర్లేదు.

వాస్తవం: సరైన యాప్ పాటించేది డాక్టరు పెట్టిన నియమాలనే: ఎంతతో మొదలు, ఎంతెంత పెంచాలి, ఎక్కడ ఆగాలి. నిన్న మీరు సూది మరిచిపోయారనీ, వాంతులతో తిండి తినలేదనీ, మరో జబ్బుకు స్టెరాయిడ్లు మొదలయ్యాయనీ, కిడ్నీల పనితీరు తగ్గిందనీ మీరు చెప్పకపోతే దానికి తెలియదు. ఉదయం రీడింగు 70 కంటే తక్కువ వస్తే పెంచడం ఆపి మాకు చెప్పాలి. అకారణంగా పడిపోయి ఉంటే సాధారణంగా మోతాదును 10 నుంచి 20 శాతం తగ్గిస్తాం.

అపోహ: సెన్సరు పెట్టుకుంటే వేలికి సూది గుచ్చే పనే ఉండదు.

వాస్తవం: చాలా తగ్గుతుంది, పూర్తిగా పోదు. సెన్సరు కొలిచేది రక్తంలో కాదు, చర్మం కింది ద్రవంలో. షుగరు వేగంగా మారుతున్నప్పుడు అది కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. సెన్సరున్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే షుగరు పడిపోకపోయినా పడిపోయినట్టు (‘లో’) చూపించవచ్చు. ఒంట్లో తెలిసేదానికి, తెరమీది అంకెకు పొంతన లేకపోతే వేలి రక్తంతో సరిచూసుకోవాల్సిందే. సెన్సరు అసలు మేలు వేరు. పరగడుపు షుగరు బాగానే ఉండి, భోజనాల తరవాత పైకి ఎగబాకుతుంటే గ్రాఫులో కనబడుతుంది. అప్పుడు బేసల్ మోతాదు పెంచుకుంటూ పోవడం దండగ.

అపోహ: చేతి గడియారం, ఉంగరం కూడా షుగరు చూపిస్తాయి.

వాస్తవం: సెన్సరు నుంచి వచ్చిన అంకెను గడియారంలో చూడవచ్చు. చర్మాన్ని గుచ్చకుండా తామే కొలుస్తామనే వాటిని నమ్మవద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

అపోహ: రీడింగు పంపాను, డాక్టరు చూసే ఉంటారు.

వాస్తవం: అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇదే. చాలాచోట్ల రాత్రివేళ, సెలవు రోజుల్లో ఆ అంకెలను ఎవరూ చూడరు. ఎవరు, ఎప్పుడు చూస్తారో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. 70 కంటే తగ్గితే జవాబు కోసం ఆగవద్దు. 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాల తరవాత మళ్లీ చూసుకోండి. ఇంకా తక్కువగానే ఉంటే మళ్లీ తీసుకోండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే అంబులెన్స్‌ను పిలవాలని ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచండి.