పవర్ బటన్ నొక్కినా ఫోన్ ఎందుకు ఆగడం లేదు?

కొత్త ఫోన్ కొన్నప్పుడో, పాత ఫోన్‌లో పెద్ద అప్‌డేట్ పడ్డప్పుడో విశాఖ పారిశ్రామిక వాడలో ఒకే ఫిర్యాదు మళ్లీ మళ్లీ లేస్తోంది. పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఫోన్ ఆగడం లేదు, నోటిమాటతో అడిగిన పని చేసిపెట్టే అసిస్టెంట్ పలుకుతోంది. ఇంట్లో ఉన్నవారికి ఇది చిన్న చిరాకే. మల్కాపురం, గాజువాక వైపు షిఫ్టుకు వెళ్లేవారికి అలా కాదు. మండే వాయువులు, ఇంధనం ఉండే చోటికి మామూలు ఫోన్ పట్టుకెళ్లనివ్వరు. గేటు దగ్గరే స్విచ్ఛాఫ్ చేసి అప్పగించాలి. వెనక లైను పెరిగిపోతుంటుంది. కాంట్రాక్టు కార్మికుడు బొటనవేలితో బటన్ అదిమి పట్టుకుంటాడు. తెర అడుగున రంగుల వెలుగు పాకి, ఏం సాయం కావాలని ఫోనే అతన్ని అడుగుతుంది. ‘ముందు ఆపీ బాబూ’ అంటాడు సెక్యూరిటీ గార్డు. ‘ఆపుతున్నానండీ, ఇదే మాటాడతంది’ అంటాడు అతను.

కీప్యాడ్ ఫోన్ల రోజులు, 2007లో ఐఫోన్ రాక, ఆ తర్వాత ఆండ్రాయిడ్ జోరు అందరికీ తెలిసినవే. ఇప్పటి తగువుకు మూలం వాటిలో లేదు, 2017లో ఉంది.

ఆ ఏడాది సెప్టెంబరు 12న యాపిల్ ఐఫోన్ టెన్‌ను ప్రకటించింది. తెరను అంచుల దాకా పరచడానికి హోమ్ బటన్‌ను తీసేసింది. అప్పటిదాకా ఆ హోమ్ బటన్‌ను నొక్కి పట్టుకుంటే యాపిల్ అసిస్టెంట్ సిరి పలికేది. ఆ పని ఇప్పుడు ఎక్కడ పెట్టాలి? పక్కనున్న పవర్ బటన్‌కు అప్పగించారు. ఫోన్ ఆపాలంటే ఆ బటన్‌తో పాటు వాల్యూమ్ బటన్ కూడా కలిపి పట్టుకోవాలన్నారు. కొత్తగా వచ్చిన అద్దెవాడికి ముందుగది ఇచ్చి, ఇంటాయన్ని పెరటి గదిలోకి పంపిన తీరిది. ఫోన్ ఆపడం యజమాని మొదటి హక్కు. దాన్ని రెండో వరసకు నెట్టడం నా దృష్టిలో తెర పరిమాణం కంటే, కెమెరా కంటే పెద్ద మార్పు. అప్పట్లో దీన్ని పట్టించుకున్నవారు తక్కువ, చర్చంతా తెర పైఅంచున కెమెరా కోసం వదిలిన నల్లటి గాటు మీదే సాగింది.

శామ్‌సంగ్ అదే ఏడాది గెలాక్సీ ఎస్8లో తన అసిస్టెంట్ బిక్స్‌బీకి విడిగా ఓ బటన్ ఇచ్చింది. అది మేలైన దారి. 2019 ఆగస్టులో నోట్ 10 వచ్చేసరికి ఆ బటన్‌నూ పవర్ బటన్‌లోనే కలిపేసింది. 2021 అక్టోబరులో వచ్చిన ఆండ్రాయిడ్ 12తో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో ఇదే బాట పట్టింది. మిగతా కంపెనీలది తలో దారి. అందుకే ఒకే ఇంట్లో తండ్రి ఫోన్ ఒకలా, కూతురి ఫోన్ ఇంకోలా ఆగుతాయి.

ఇక్కడ ఐఫోన్ టెన్ కంటే ఓ ఏడాది వెనక్కి వెళ్లాలి. ఇదే బటన్ మీద మన ప్రభుత్వం అప్పటికే ఓ బరువు పెట్టింది. 2016 ఏప్రిల్‌లో టెలికాం శాఖ ప్యానిక్ బటన్ నిబంధనలు తెచ్చింది, అంటే ఆపదలో నొక్కితే సాయానికి కాల్ వెళ్లే బటన్. 2017 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌లో ఆ సదుపాయం ఉండాలంది. మామూలు ఫోన్‌లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్‌ఫోన్‌లో విడిగా ఎమర్జెన్సీ బటన్ లేకపోతే పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. 2018 నుంచి జీపీఎస్ కూడా తప్పనిసరి. ఆడవాళ్ల భద్రత కోసం చేసిన మంచి నిబంధన అది. అయితే ఆ బటన్ మీద ఇంకేం పనులు పెట్టకూడదో అందులో చెప్పలేదు.

ఫలితం ఇవాళ చేతిలోనే ఉంది. చాలా ఫోన్లలో ఒకసారి నొక్కితే తెర వెలుగుతుంది. రెండుసార్లకు కెమెరా. మూడుసార్లకు అత్యవసర నంబరు 112కు కాల్. కొన్నిటిలో అయిదుసార్లకు ఎస్ఓఎస్. నొక్కి పట్టుకుంటే అసిస్టెంట్. వాల్యూమ్ తగ్గించే బటన్‌తో కలిపితే స్క్రీన్‌షాట్, పెంచే బటన్‌తో కలిపితే స్విచ్ఛాఫ్. కంగారులో ఉన్న మనిషి లెక్క తప్పడా? 2023 జూన్‌లో బ్రిటన్ పోలీసులు ఇదే మొత్తుకున్నారు. ఆండ్రాయిడ్ అప్‌డేట్‌తో వచ్చిన అయిదు నొక్కుల పద్ధతి వల్ల జేబుల్లోంచే అక్కడి అత్యవసర నంబరు 999కు కాల్స్ వెల్లువెత్తాయని, అవతల మాట వినిపించని కాల్స్‌తో సిబ్బంది సమయం పోతోందని చెప్పారు.

మన రాష్ట్రంలో ఆడవాళ్ల భద్రత కోసం 2020 ఫిబ్రవరిలో వచ్చిన దిశ యాప్ పవర్ బటన్‌తో పెట్టుకోకుండా, ఫోన్‌ను ఊపితే పోలీసులకు సమాచారం వెళ్లేలా చేసింది. ప్రభుత్వం మారాక 2025 మార్చి 8న దాని స్థానంలో శక్తి యాప్ వచ్చింది. రెండు పార్టీల మధ్య పేరు మీద నడిచిన రచ్చలో అసలు సంగతి మరుగున పడింది. ఆపదలో ఉన్న మనిషికి యాప్ కంటే ముందు చేతికి తగిలేది బటనే.

కంపెనీల వాదన ఇది: ఫోన్‌ను రోజూ ఆపేవారు తక్కువ, సెట్టింగ్ మార్చుకునే వీలు ఎలాగూ ఉంది. వీలు ఉన్నమాట నిజమే. శామ్‌సంగ్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్‌లోకి వెళ్లి, సైడ్ బటన్ దగ్గర పవర్ ఆఫ్ మెనూ ఎంచుకోవాలి. పిక్సెల్‌లో సిస్టమ్, దాని కింద జెస్చర్స్. తెరను పైనుంచి కిందికి రెండుసార్లు లాగితే వచ్చే పవర్ గుర్తుతో కూడా ఆపొచ్చు. ఇవి తెలిసినవారికి ఇబ్బందే లేదు. గేటు దగ్గర లైనులో నిలబడ్డ మనిషికి ఇవి ఎవరు చెప్పారు?

ఇలాంటి చిక్కుకు మనదేశంలో ఓ పరిష్కారం ఇప్పటికే దొరికింది. ఆండ్రాయిడ్ ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందంటూ 2022 అక్టోబరులో మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. సుప్రీంకోర్టు స్టే ఇవ్వకపోవడంతో 2023 జనవరిలో ఆ సంస్థ దిగివచ్చింది. కొత్త ఫోన్ మొదటిసారి తెరిచినప్పుడు ఏ సెర్చ్ ఇంజిన్ కావాలో వాడేవారినే అడుగుతామంది. అదే తెరలో ఇంకో ప్రశ్న చేర్చడం పెద్ద పనేం కాదు: ఈ బటన్ నొక్కి పట్టుకుంటే ఫోన్ ఆగాలా, అసిస్టెంట్ రావాలా? అడగాల్సింది తెలుగులో, పెద్ద అక్షరాల్లో. 2025 అక్టోబరులో ఇదే విశాఖలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించిన గూగుల్ ఆ పని ముందుగా చేస్తే మిగతా కంపెనీలు వెనకుండలేవు. చేయకపోతే, ఆ బటన్ మీద ఇంకేం పెట్టకూడదో చెప్పే, 2016 నిబంధనల్లో వదిలేసిన ఆ ఒక్క వాక్యాన్ని టెలికాం శాఖే రాయాలి.