సున్నంలోని అయిదు కాల్షియాలు

1591లో కట్టిన చార్మినార్ గచ్చుపనికి ప్రాణం సున్నం. ఆ సున్నంలోని కాల్షియం పరమాణువుల్లో దాదాపు నూటికి 97 ఒకే రకం. వాటి కేంద్రకంలో 20 ప్రోటాన్లు, 20 న్యూట్రాన్లు ఉంటాయి. మిగిలిన కాస్తలో, సరి సంఖ్యలే తీసుకుంటే, 22, 24, 26, 28 న్యూట్రాన్లున్నవీ కలిసి ఉంటాయి. ఇలా న్యూట్రాన్ల సంఖ్యలో మాత్రమే తేడా ఉన్న రకాలను ఐసోటోపులంటారు. 26 ఉన్నవి లక్షకు నాలుగే. మేస్త్రీకి ఈ తేడాతో పనిలేదు. కొత్త బలాల కోసం వెతికే భౌతిక శాస్త్రజ్ఞులకు కావలసింది మాత్రం సరిగ్గా ఈ తేడానే.

ఎలక్ట్రానుకూ న్యూట్రానుకూ మధ్య ఇంతవరకు ఎవరూ చూడని కణమేదో అతి బలహీనమైన బలాన్ని మోస్తోందనుకుందాం. అప్పుడు న్యూట్రాన్లు పెరిగే కొద్దీ ఆ పరమాణువు పీల్చుకునే కాంతి పౌనఃపున్యం, అంటే వర్ణపటంలో దాని గీత, రవ్వంత పక్కకు జరగాలి. చిక్కేమిటంటే, కేంద్రకం బరువు, పరిమాణం మారినా ఆ గీత పక్కకు జరుగుతుంది. 1931లో హెరాల్డ్ యూరే భారజలంలో ఉండే డ్యుటీరియాన్ని పట్టుకున్నది అలా జరిగిన గీతను చూసే.

కేంద్రకం పరిమాణాన్ని కావలసినంత కచ్చితంగా లెక్కగట్టలేం. 1963లో డబ్ల్యూ. హెచ్. కింగ్ దీనికి చక్కని దారి చూపాడు. రెండు వేర్వేరు గీతల జరుగుబాట్లను కొలిచి, గ్రాఫుపై ఒకదానితో మరొకదాన్ని పోలిస్తే పరిమాణం లెక్కలోంచి తప్పుకుంటుంది. బిందువులన్నీ ఒకే సరళరేఖపై పడాలి. రేఖ వంగిందంటే, లెక్కలోకి రానిదేదో అక్కడ ఉన్నట్టే.

కాల్షియం అయాన్‌లోని (ఎలక్ట్రాన్ ఊడిన పరమాణువులోని) ఒక ఎరుపు గీత సెకనుకు సుమారు 411 లక్షల కోట్ల కంపనాలది. 20 న్యూట్రాన్ల నుంచి 22కు వెళితే అది 277 కోట్ల హెర్ట్జ్‌లు జరుగుతుంది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ బృందం రెండు ఐసోటోపుల అయాన్లను ఒకే ఉచ్చులో పక్కపక్కన నిలిపి, ఈ జరుగుబాటును ఒక్క హెర్ట్జ్ కంటే తక్కువ పొరపాటుతో కొలిచింది. అయస్కాంత క్షేత్రం చలించినా రెండూ ఒకేలా చలిస్తాయి కనుక ఆ అలజడి తీసివేతలో పోతుంది. ఈ ఉపాయం ఎంత ముచ్చటైనదో! జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో పద్నాలుగు ఎలక్ట్రాన్లు ఊడిన కాల్షియంపై రెండో గీతను కొలిచారు; హైడెల్‌బర్గ్‌లో కేంద్రకాలను తూచారు.

2025లో వెలువడిన ఆ ఫలితంలో రేఖ వంగింది, సందేహానికి తావులేనంతగా. అయినా కొత్త కణం దొరికిందని వారు అనలేదు. ఎలక్ట్రాన్ల ప్రభావానికి కేంద్రకమే కాస్త సాగి స్పందించడం వల్ల వంపు వచ్చి ఉండవచ్చన్నారు. ఈ నిగ్రహం నాకు ఆ కొలతంత విలువైనదిగా కనిపిస్తుంది. అంతకుముందు యిటెర్బియం అనే లోహంలో కనిపించిన వంపు కూడా ఎక్కువగా కేంద్రకం ఆకారం గురించే చెప్పింది. కణం దొరకకపోయినా, దాని బలం ఎంతకు మించి ఉండకూడదో చెప్పే హద్దు మరింత బిగిసింది. మూడో గీతను కూడా ఇంతే నిశితంగా కొలిస్తే, కేంద్రకం తెచ్చిన ఈ వంపునూ లెక్కలోంచి తప్పించవచ్చు.