అలిపిరి కాగితం బడి గేటు దాకా ఎలా వచ్చింది

2025 జూన్ 12న ఆంధ్రప్రదేశ్‌లో బళ్లు తెరిచారు. కరోనా వల్ల జనం గుమిగూడే చోట మాస్కు పెట్టుకోవాలని, లక్షణాలుంటే పరీక్ష చేయించుకోవాలని రాష్ట్ర ఆరోగ్య శాఖ మే నెలలో చెప్పినప్పటి నుంచి తిరుపతిలో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో పాత గొడవ మళ్లీ మొదలైంది. కరోనా టీకా రెండు డోసులూ పడిన పిల్లోడికి మాస్కు ఎందుకని ఒకరు అడిగారు. పక్క బెంచీలో ఎవరికో పాజిటివ్ వస్తే టీకా వేసుకున్న పిల్ల కూడా వారం రోజులు ఇంట్లో కూర్చోవాలా అని ఇంకొకరు. అడ్మిషన్ సమయంలో పాత టీకా సర్టిఫికెట్ కాపీ కూడా తెమ్మన్నారని ఇద్దరు తల్లులు నాతో చెప్పారు.

2020 మార్చి నుంచి బళ్లు ఎన్నిసార్లు మూశారో, ఫోన్లలో చదువు ఎలా సాగిందో తెలియని ఇల్లు లేదు. ఆ కథ మళ్లీ చెప్పను. ఈ గొడవకు మూలం 2022 జనవరిలోని రెండు వారాల్లో ఉంది. 3వ తేదీ నుంచి 17వ తేదీ వరకు.

15 నుంచి 18 ఏళ్ల పిల్లలకు టీకా ఇస్తామని ప్రధాని 2021 డిసెంబర్ 25న ప్రకటించారు. జనవరి 3న మొదలుపెట్టారు. ఆ వయసు వాళ్లకు ఇచ్చింది కోవాగ్జిన్ ఒక్కటే, డోసుకూ డోసుకూ మధ్య 28 రోజులు ఆగాలి. మన దగ్గర ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు టీకా బాక్సులు పట్టుకుని చాలా చోట్ల నేరుగా బడులకే వచ్చారు. పిల్లలు వరండాలో లైను కట్టి, ఆధార్ నంబరు చెప్పి, చేతికి సూది వేయించుకుని క్లాసుకు వెళ్లిపోయారు. ఎవరికి పడింది, ఎవరికి పడలేదు అన్న జాబితా క్లాస్ టీచర్ దగ్గరే ఉండేది. అంతలో సంక్రాంతి సెలవులు వచ్చాయి. 17న బళ్లు తెరిచారు.

అప్పటికి ఒమిక్రాన్ బాగా పెరుగుతోంది. తిరుపతి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంది. రోజువారీ బులెటిన్‌లో విశాఖపట్నంతో పాటు మన జిల్లానే పై వరుసలో కనిపించేది. తెలంగాణ సెలవులను నెలాఖరు దాకా పొడిగించింది. సరిహద్దు దాటితే తమిళనాడులోనూ బళ్లు మూతే. మన ప్రభుత్వం మాత్రం తెరవాలనే నిర్ణయించింది. పిల్లల చదువు ఇప్పటికే చాలా పోయిందన్నది అప్పటి విద్యా శాఖ మంత్రి ఆదిమూలపు సురేష్ వాదన. వాయిదా వేయాలని నారా లోకేష్ కోరారు. ఆ వాదనలో ఎవరిది ఒప్పు అన్నది నాకిప్పుడు ముఖ్యం కాదు. ఎవరూ పైకి అనని ఒక చిన్న లెక్క ముఖ్యం. 3వ తేదీ ఉదయమే మొదటి డోసు వేయించుకున్న పిల్లకు కూడా రెండో డోసు 31కి ముందు పడదు. అంటే 17న ఆ టీకా కార్యక్రమం కింద రెండు డోసులూ పూర్తయిన విద్యార్థి మన బడుల్లో ఒక్కరూ ఉండే వీల్లేదు. అయినా ఆ రోజు నుంచే 'వేసుకున్నవాళ్లు', 'వేసుకోనివాళ్లు' అన్న మాటలు క్లాసుల్లోకి వచ్చేశాయి.

మా అన్న కూతురు అప్పుడు పదో తరగతి. కామెర్లతో మంచం మీద ఉండి, టీకాలు వేసిన రోజు బడికి వెళ్లలేదు. సెలవుల తర్వాత ఆ ప్రైవేటు బడిలో ఆమెనూ ఇంకో ముగ్గురినీ వెనక బెంచీకి మార్చారు. మిగతావాళ్ల మాస్కు గడ్డం కిందికి జారినా ఎవరూ ఏమీ అనలేదు. ఈ నలుగురు నీళ్లు తాగడానికి తీసినా కసురుకున్నారు. ముందు బెంచీల్లో ఉన్నవాళ్లకు పడింది ఒక్క డోసు, అదీ రెండు వారాల కిందట. "నాకు జబ్బు లేదు కదా చిన్నాయనా, మరి నన్నెందుకు వెనక్కి పంపారు?" అని ఆ పిల్ల అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

బడి యాజమాన్యాలకు ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? మన ఊళ్లో దానికి బయట వెతకక్కర్లేదు. 2021 సెప్టెంబర్ నుంచి అలిపిరి దాటి తిరుమల కొండకు వెళ్లాలంటే రెండు డోసుల సర్టిఫికెట్ గానీ, మూడు రోజుల లోపు చేయించిన పరీక్షలో నెగెటివ్ రిపోర్టు గానీ ఉండాలని టీటీడీ నిబంధన పెట్టింది. కాగితం చూపిస్తే పైకి వెళ్లడం, లేకపోతే వెనక్కి తిరగడం తిరుపతి జనానికి అప్పుడే అలవాటైంది. దేశం నలుమూలల నుంచి వచ్చే యాత్రికుల విషయంలో ఆ జాగ్రత్తకు అర్థముంది. రోజూ అదే గదిలో అవే మొహాల మధ్య కూర్చునే పిల్లలకు అదే కాగితాన్ని గేటు పాసులా వాడటం వేరే సంగతి.

దాని వెనక భయం కూడా ఉంది, కాదనను. 2021 మే 10 రాత్రి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది చనిపోయారు. ఆ రాత్రి తర్వాత ఈ ఊళ్లో ఏ తల్లీ కరోనాను తేలిగ్గా తీసుకోలేదు. టీకా కాగితం చేతిలో ఉంటే టెన్షన్ కాస్త తగ్గేది.

కానీ రాతలో ఉన్న నిబంధన వేరు. 2022 జనవరి 20న కేంద్ర ఆరోగ్య శాఖ పిల్లల విషయంలో సవరించిన మార్గదర్శకాలు మాస్కును వయసుతో ముడిపెట్టాయి. ఐదేళ్లు, అంతకంటే చిన్నవాళ్లకు వద్దు. 6 నుంచి 11 ఏళ్ల వాళ్లు సరిగ్గా పెట్టుకోగలిగితే పెద్దల పర్యవేక్షణలో పెట్టుకోవచ్చు. 12 దాటితే పెద్దవాళ్ల లాగే. పాజిటివ్ వచ్చి లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్లకు ఇంట్లో ఏడు రోజులు, చివరి మూడు రోజులు జ్వరం లేకుండా ఉండాలని అదే నెల 5న చెప్పారు. అందులోనూ టీకాను బట్టి తేడా లేదు.

టీకా వేసుకున్న పిల్లలకు క్వారంటైన్ వద్దు, మాస్కు వద్దు అంటూ గ్రూపుల్లో తిరిగిన మాట అమెరికాది. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 జూలై 9న, రెండు డోసులూ వేసుకున్న విద్యార్థులు బడిలో మాస్కు లేకుండా ఉండొచ్చని చెప్పింది. పద్దెనిమిది రోజులకే, జూలై 27న, డెల్టా రకం వల్ల టీకా వేసుకున్నా వేసుకోకపోయినా బడిలో అందరూ పెట్టుకోవాలని మార్చింది. మాసచూసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్‌లో బయటపడిన 469 కేసుల్లో దాదాపు మూడొంతుల మంది టీకా పూర్తయినవాళ్లే కావడం ఆ మార్పుకు ఒక పెద్ద కారణం. కాంటాక్టులకు క్వారంటైన్ విషయంలో మాత్రం టీకా మినహాయింపు అక్కడ కొంతకాలం నడిచింది. 2022 ఆగస్టు 11న బడుల్లో క్వారంటైన్ సలహానే తీసేశారు, టీకా లేనివాళ్లకు కూడా. మన గ్రూపుల్లో మొదటి వాక్యం మాత్రమే తిరిగింది.

మన దేశంలోనూ టీకా లేని పిల్లలను బడికి రానివ్వబోమని హర్యానా ప్రభుత్వం 2022 జనవరిలో చెప్పింది. ఆ ఏడాది మే 2న టీకాను తప్పనిసరి చేయడాన్ని ప్రశ్నించిన జాకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బెంచ్‌లో జస్టిస్ బి.ఆర్. గవాయ్‌తో పాటు మన చీరాలకు చెందిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఉన్నారు. పిల్లలకు టీకా ఇచ్చే విధానాన్ని కోర్టు తప్పుపట్టలేదు. ఎవరినీ బలవంతంగా వేసుకోమనలేరని, అప్పటి పరిస్థితుల్లో టీకా లేనివాళ్లపై ఆంక్షలు తగినవి కావని చెప్పింది. వెనక బెంచీ గురించి నాకు ఇంతకంటే సూటిగా చెప్పిన మాట కనిపించలేదు.

ఇక 2025లో బడికి వచ్చిన పిల్లల సంగతి. 12 నుంచి 14 ఏళ్ల వాళ్లకు కార్బెవాక్స్ టీకా 2022 మార్చి 16న మొదలైంది. అంతకంటే చిన్నవాళ్లకు టీకాల అత్యవసర వాడకానికి ఏప్రిల్‌లో అనుమతి వచ్చినా, వాళ్లకు ప్రభుత్వ టీకా కార్యక్రమం మొదలే కాలేదు. అప్పుడు పన్నెండేళ్లున్న పిల్ల 2025 జూన్ నాటికి పదో తరగతి దగ్గర ఉంది. ఆ జూన్‌లో ఒకటి నుంచి ఏడో తరగతి దాకా కూర్చున్న పిల్లలను టీకా సర్టిఫికెట్ తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తారు? ఉన్నవాళ్ల డోసులైనా అప్పటికే మూడేళ్ల కిందటివి. అవి జబ్బు ముదరకుండా కాపాడతాయి గానీ, ఒమిక్రాన్ రకాలు సోకకుండా, పక్కవాళ్లకు అంటకుండా ఆపలేవు.

తల్లులతో మాట్లాడితే అసలు బాధ ఇంకోటి బయటపడుతుంది. 2021-22లో అమ్మ ఒడి డబ్బులకు 75 శాతం హాజరు పెట్టారు. 2025లో తల్లికి వందనం కింద తల్లి ఖాతాలో పడే 13,000 రూపాయలకూ 75 శాతం హాజరు పెట్టారు. కూలికి వెళ్లే అమ్మకు ఇది చిన్న డబ్బు కాదు. అందుకే పిల్లోడికి జ్వరం తగిలినా మాత్ర వేసి పంపిస్తుంది. టీకా వేసుకున్నవాడికి సెలవు అక్కర్లేదన్న మాట అక్కడ చాలా తొందరగా చెవికెక్కుతుంది. ఆమెను తప్పుపట్టడం నాకు చేతకాదు. సర్టిఫికెట్ కాపీలు అడిగిన బళ్లు దానికి బదులు, జ్వరంతో ఇంట్లో ఉంచిన రోజులను హాజరు పట్టికలో ఎలా రాస్తారో 12వ తేదీకి ముందే నోటీసు బోర్డు మీద పెట్టాల్సింది, తెలుగులో.