బొమ్మ పక్కన పార్టీ ప్రణాళిక పెట్టుకుని చదవాలి: అమెరికా అధ్యక్ష ఎన్నికల కార్టూన్ల వెనుక కథ

1874 నవంబరు 7 తేదీతో వెలువడిన హార్పర్స్ వీక్లీలో థామస్ నాస్ట్ గీసిన కార్టూన్ ఒకటి ఉంది. సింహం తోలు కప్పుకున్న గాడిద అడవిలో జంతువులన్నిటినీ హడలగొడుతుంటుంది. బెదిరిపోయిన ఏనుగు గోతి అంచున తూలుతుంటుంది. పంచతంత్రంలో పులితోలు కప్పుకున్న గాడిద కథ వినే ఉంటాం కాబట్టి సగం సంగతి చూడగానే తెలిసిపోతుంది. మిగతా సగం దగ్గరే చాలామంది తప్పులో కాలేస్తారు. గాడిద డెమొక్రాట్లని, ఏనుగు రిపబ్లికన్లని అనేసుకుని ముందుకెళ్లిపోతారు.

బొమ్మను పెద్దది చేసి అక్షరాలు చదవండి. గాడిద మీద ఉన్నది డెమొక్రటిక్ పార్టీ పేరు కాదు, న్యూయార్క్ హెరాల్డ్ అనే దినపత్రిక పేరు. అది కప్పుకున్న తోలు మీద ‘సీజరిజం’ అని ఉంటుంది. ఏనుగు మీద ‘రిపబ్లికన్ ఓటు’ అని ఉంటుంది. అంటే అది పార్టీ కాదు, పార్టీకి ఓటు వేసే జనం. డెమొక్రటిక్ పార్టీ గోతి దగ్గర నక్క రూపంలో ఉంది. అప్పటి అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ రెండో పదవీకాలం నడుస్తోంది. ఆయన మూడోసారీ పోటీ చేసి సీజర్‌లా గద్దెమీదే ఉండిపోతాడని హెరాల్డ్ పదేపదే రాసింది. నాస్ట్ గ్రాంట్ అభిమాని. అది ఉత్త గాండ్రింపే, దానికి జడిసి మన ఓటర్లే గోతిలో పడుతున్నారని ఆయన ఫిర్యాదు. పైగా ఆ నవంబరులో జరిగినవి అధ్యక్ష ఎన్నికలే కావు, కాంగ్రెస్ ఎన్నికలు. వాటిలో ప్రతినిధుల సభ రిపబ్లికన్ల చేజారింది.

ఈ బొమ్మ గురించి ఇంకో పొరపాటు కూడా చాలాచోట్ల కనిపిస్తుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కు జంతుశాల నుంచి మృగాలు తప్పించుకుని ఊరి మీద పడ్డాయని హెరాల్డ్ ఒక కట్టుకథ అచ్చువేసింది. నాస్ట్‌కు ఈ బొమ్మ ఆలోచన అందులోంచే వచ్చిందంటారు. ఆ కథ వచ్చింది నవంబరు 9న. వారపత్రిక దానికంటే ముందుది, పైగా మీద వేసిన తేదీకి కొన్ని రోజుల ముందే అమ్మకానికి వచ్చేది. తేదీలు రెండూ పక్కపక్కన పెడితే ఆ వాదన నిలవదు. ఎన్నికల కార్టూన్ ఏది చేతికొచ్చినా మొదట తేదీ చూడాలనేది ఇందుకే.

గాడిద సంగతీ ఇంతే. 1828లో ఆండ్రూ జాక్సన్‌ను ప్రత్యర్థులు గాడిద అని వెక్కిరించారు. 1837 నాటి ఒక రాతి అచ్చు బొమ్మలో ఆయన గాడిదనెక్కి కనిపిస్తాడు. నాస్ట్ 1870 జనవరి 15న గీసిన గాడిద, చనిపోయిన సింహాన్ని వెనక కాళ్లతో తంతుంటుంది. ఆ సింహం లింకన్ మంత్రివర్గంలో యుద్ధ వ్యవహారాలు చూసిన ఎడ్విన్ స్టాంటన్, చనిపోయి అప్పటికి నెల కూడా కాలేదు. గాడిద మీద పేరు ‘కాపర్‌హెడ్ పత్రికలు’. అంతర్యుద్ధాన్ని వ్యతిరేకించిన ఉత్తరాది డెమొక్రాట్లను కాపర్‌హెడ్లు అనేవారు. పార్టీ మొత్తానికి కాదు, అందులో ఒక వర్గానికి కొమ్ముకాసిన పత్రికలకే ఆ గాడిద గుర్తు. రెండు జంతువులూ రెండు పార్టీలకు స్థిరపడటానికి మరో పదేళ్లు పట్టింది. ఏనుగును రిపబ్లికన్ పార్టీ తర్వాత అధికారికంగా స్వీకరించింది, గాడిదను డెమొక్రటిక్ పార్టీ ఏనాడూ అలా స్వీకరించలేదు. కాబట్టి 1880కి ముందు బొమ్మల్లో జంతువును చూసి పార్టీ పేరు చెప్పడం ప్రమాదం. అక్షరాలు చదివే చెప్పాలి.

ఆ అక్షరాలను నమ్మొచ్చా అన్నది అసలు చిక్కు. దీనికి 1860 ఎన్నికను మించిన ఉదాహరణ లేదు.

ఆ ఏడు బరిలో నలుగురున్నారు. తగువంతా ఒక్క ప్రశ్న మీదే: పశ్చిమాన ఇంకా రాష్ట్రాలు కాని టెరిటరీల్లోకి బానిసత్వాన్ని రానివ్వాలా, వద్దా? మేలో షికాగోలో సమావేశమై అబ్రహం లింకన్‌ను నిలబెట్టిన రిపబ్లికన్లు రానివ్వం అన్నారు, ఇప్పటికే బానిసత్వం ఉన్న రాష్ట్రాల జోలికి మాత్రం వెళ్లం అనీ అన్నారు. డెమొక్రాట్లు ఏప్రిల్‌లో దక్షిణ కెరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో మొదలైన సభలో చీలిపోయారు, ఆ తర్వాత 57 సార్లు ఓటింగ్ జరిపినా అభ్యర్థిని తేల్చుకోలేకపోయారు. ఉత్తరాది వర్గం స్టీఫెన్ డగ్లస్‌ను నిలబెట్టింది. కాంగ్రెస్ జోక్యం చేసుకోకూడదు, అక్కడి జనమే తేల్చుకోవాలి అన్నది ఆయన మాట. దక్షిణాది వర్గం జాన్ బ్రెకిన్‌రిడ్జ్‌ను నిలబెట్టింది. టెరిటరీల్లో బానిసల యజమానుల ఆస్తి హక్కును కేంద్రమే కాపాడాలన్నది వీళ్ల పట్టు. నాలుగో వాడు కాన్‌స్టిట్యూషనల్ యూనియన్ పార్టీ తరఫున జాన్ బెల్. రాజ్యాంగం, రాష్ట్రాల ఐక్యత, చట్టాల అమలు: ఆ పార్టీ ఎన్నికల ప్రణాళిక (మేనిఫెస్టో) సారాంశం ఇంతే. బానిసత్వం ఊసే ఎత్తలేదు.

ఈ నలుగురినీ బొమ్మలు అచ్చువేసి అమ్మే కరియర్ అండ్ ఐవ్స్ కంపెనీ బేస్‌బాల్ మైదానంలోకి దింపింది. గీసింది లూయి మౌరర్. శీర్షిక ‘జాతీయ క్రీడ: ముగ్గురు ఔట్, ఒకటి రన్’. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో పెద్ద సైజు స్కాన్ ఉచితంగా దొరుకుతుంది, దింపుకుని చూడండి. కుడిచివర లింకన్ ఒక కాలు ‘హోమ్ బేస్’ మీద పెట్టి బంతి పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆయన చేతిలో ఉన్నది బ్యాటు కాదు, కంచె కోసం చీల్చిన కొయ్య. మే 9న ఇల్లినాయ్‌లోని డికేటర్‌లో జరిగిన పార్టీ సభకు, యువకుడిగా లింకన్ చీల్చినవంటూ రెండు కంచె కొయ్యలు మోసుకొచ్చారు. కష్టజీవి అభ్యర్థి అన్న ప్రచారం అక్కడ అంటుకుంది. అందుకే ఆ ఏటి బొమ్మల్లో కొయ్య కనిపిస్తే లింకన్ పక్కనే ఉంటాడు. ఆయన నడుం పట్టీ మీద ‘వైడ్ అవేక్’ పేరుంది. రాత్రిళ్లు దివిటీలతో కవాతు చేసిన రిపబ్లికన్ కుర్రకారు సంఘాలవి. బ్రెకిన్‌రిడ్జ్ పట్టీ మీద ‘డిస్‌యూనియన్ క్లబ్’ (దేశాన్ని చీల్చే సంఘం) అని రాసి, ఆయన ముక్కు మూసుకున్నట్టు గీశారు. పక్కనే కంపు చిమ్మే స్కంక్ ఉంది. ఆ దేశపు ఆటల్లో ఒక్క పాయింటూ రాక చిత్తుగా ఓడినవాణ్ని ఆ జంతువు పేరుతోనే ఎగతాళి చేస్తారు.

ఇప్పుడు నలుగురి చేతుల్లోని కర్రల మీది రాతలు తీసుకుని ప్రణాళికల పక్కన పెట్టండి. డగ్లస్ బ్యాటు మీద ‘జోక్యం లేకపోవడం’ అని ఉంది. ఇది ఆయన సొంత మాటే, ప్రణాళికతో సరిపోతుంది. బ్రెకిన్‌రిడ్జ్ బ్యాటు మీద ‘బానిసత్వ విస్తరణ’. ఆయన పార్టీ ఈ మాట వాడలేదు, ‘ఆస్తి హక్కుల రక్షణ’ అంది. జరిగేది విస్తరణే అయినా ఆ పేరు పెట్టింది ప్రత్యర్థులు. లింకన్ కొయ్య మీద ‘సమాన హక్కులు, స్వేచ్ఛా టెరిటరీ’. రెండో సగం ప్రణాళికలో ఉన్నదే. మొదటి సగాన్ని నేటి అర్థంలో చదివితే తప్పే. 1858లో ఇల్లినాయ్‌లోని చార్ల్‌స్టన్‌లో డగ్లస్‌తో జరిగిన చర్చలో, నల్లజాతివారికి సామాజిక, రాజకీయ సమానత్వం ఇవ్వాలన్నది తన మాట కాదని లింకన్ బాహాటంగా చెప్పాడు. ఇక బెల్ బ్యాటు మీద ‘ఫ్యూజన్’ (కలయిక) అని ఉంది. అది విధానం కాదు, ఎత్తుగడ. న్యూయార్క్, న్యూజెర్సీల్లో లింకన్‌ను ఆపడానికి మిగతా ముగ్గురి మద్దతుదార్లు ఎలక్టర్ల (రాష్ట్రం తరఫున అధ్యక్షుణ్ని ఎన్నుకునే ప్రతినిధుల) ఉమ్మడి జాబితాలు పెట్టారు. బెల్‌కు బ్యాటు మీద రాయడానికి విధానం దొరక్కే మౌరర్ ఎత్తుగడను రాశాడని నాకనిపిస్తుంది. ఒక పార్టీ ప్రణాళికలో ఏం లేదో కార్టూన్ ఇలా బయటపెడుతుంది.

ఒకే బొమ్మలో నాలుగు రాతలు నాలుగు రకాలు: ఒకటి అభ్యర్థి మాట, ఒకటి శత్రువు మాట, ఒకటి సగం నిజం, ఒకటి అసలు విధానమే కాదు. నోటి దగ్గర బుడగల్లో రాసిన మాటలైతే నూటికి నూరుపాళ్లూ చిత్రకారుడివే, అభ్యర్థి అన్నవి కావు.

ఇందులో లింకన్ గెలిచేసినట్టుంది కాబట్టి ఫలితాల తర్వాత వచ్చిందని పొరబడేవాళ్లున్నారు. పోలింగుకు కొన్ని వారాల ముందే కాపీరైటుకు ఇచ్చారు, ఇది జోస్యం. ఆ ఏడు లింకన్‌కు 180, బ్రెకిన్‌రిడ్జ్‌కు 72, బెల్‌కు 39, డగ్లస్‌కు 12 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. ఆ 12లో 3 న్యూజెర్సీ ఉమ్మడి జాబితా చలవే. జోస్యం ఫలించినంత మాత్రాన కంపెనీ లింకన్ పక్షం అనుకోవద్దు. అదే కంపెనీ అదే ఏడు, నల్లజాతివారి ప్రశ్నను రిపబ్లికన్లు కొయ్యల గుట్ట కింద దాస్తున్నారని ఎద్దేవా చేస్తూ లింకన్ మీద మరో బొమ్మ అమ్మింది. విడి కాగితాలు అచ్చువేసి అమ్మే వ్యాపారికి రెండు పక్షాలూ గిరాకీలే. వారపత్రిక వేరు. దానికి యజమాని, సంపాదకుడు, ఒక పక్షం ఉంటాయి. బొమ్మ ఎందులో వచ్చిందని అడగడం ఇందుకే.

కార్టూనిస్టే ప్రణాళికను బొమ్మ కింద అచ్చువేసిన సందర్భమూ ఉంది. 1868 సెప్టెంబరు 5న నాస్ట్ గీసిన దానిలో ముగ్గురు చేయి చేయి కలిపి, నేల మీద పడిన నల్లజాతి సైనికుడి మీద పాదాలు మోపి నిలబడతారు. అతను యూనియన్ సైన్యం యూనిఫాంలో ఉన్నాడు, చేయి బ్యాలట్ పెట్టె వైపు చాచి ఉంది. ముగ్గురిలో ఒకడు న్యూయార్క్ మురికివాడ ఐరిష్ వలసదారు, ఒకడు దక్షిణాది సేనాని నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్, ఒకడు డబ్బు సంచీ ఎత్తి చూపుతున్న డెమొక్రటిక్ జాతీయ కమిటీ అధ్యక్షుడు, బ్యాంకరు ఆగస్ట్ బెల్మాంట్. కింద డెమొక్రటిక్ ప్రణాళికలోని వాక్యం: అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాల కోసం కాంగ్రెస్ చేసిన పునర్నిర్మాణ చట్టాలు రాజ్యాంగ విరుద్ధం, చెల్లవు. వాక్యం అక్షరాలా నిజం. బొమ్మ ఆ వాక్యానికి నాస్ట్ చెప్పిన అర్థం. నల్లజాతివారి ఓటు హక్కు కోసం ఇంత బలంగా నిలబడిన ఇదే బొమ్మలో ఐరిష్ మనిషికి కోతి ముఖం పెట్టాడు. ఒక వివక్షను ఎండగట్టే చేయి ఇంకొకదాన్ని గీస్తుంటే రెండూ చెప్పాలి, ఒకటి చెప్పి ఊరుకోకూడదు.

ఎన్నికనే మార్చేసిందని పేరుపడ్డ కార్టూన్ 1884ది. రిపబ్లికన్ అభ్యర్థి జేమ్స్ బ్లెయిన్ అక్టోబరు 29 రాత్రి న్యూయార్క్‌లోని డెల్మోనికోస్‌లో కోటీశ్వరులతో విందు చేశాడు. మర్నాడు న్యూయార్క్ వరల్డ్ మొదటి పేజీలో వాల్ట్ మెక్‌డూగల్ బొమ్మ పడింది. బల్ల మీద వంటకాలకు పేర్లు పెట్టాడు, వాటిలో ‘గుత్తాధిపత్యం సూప్’ కూడా ఉంది. బల్ల ముందు చేయి చాచిన పేద కుటుంబం. డెమొక్రాట్లు దాన్ని పెద్దది చేయించి ఊళ్లలో గోడల మీద పెట్టించారు. బ్లెయిన్ న్యూయార్క్ రాష్ట్రాన్ని సుమారు 1,100 ఓట్ల తేడాతో పోగొట్టుకున్నాడు, దాంతోపాటే అధ్యక్ష పదవినీ. అయినా గొప్పంతా బొమ్మకే కట్టబెట్టలేం. విందు జరిగిన రోజు పొద్దున్నే ఒక పాదిరీ బ్లెయిన్ సమక్షంలో డెమొక్రాట్లను తాగుబోతులు, పోప్ మతస్థులు, తిరుగుబాటుదార్లు అన్న ధోరణిలో తిట్టాడు. కాథలిక్ ఓటర్లు భగ్గుమన్నారు. అంత చిన్న తేడాకు కారణం ఇదా, అదా అని తేల్చే తూకం లేదు.

1896లో ప్రణాళికల మధ్య తేడా గీత గీసినంత స్పష్టం. డెమొక్రాట్లు 16 వంతుల వెండికి ఒక వంతు బంగారం లెక్కన వెండి నాణేలు పరిమితి లేకుండా ముద్రించాలన్నారు. అంతర్జాతీయ ఒప్పందం కుదిరితే తప్ప కుదరదన్నారు రిపబ్లికన్లు. డెమొక్రటిక్ అభ్యర్థి విలియం జెన్నింగ్స్ బ్రయన్ జులై 9న షికాగోలో, మానవాళిని బంగారు శిలువ మీద కొట్టనివ్వం అని గర్జించాడు. సెప్టెంబరులో జడ్జ్ పత్రికలో గ్రాంట్ హామిల్టన్ గీసిన బొమ్మ ఆయన్ని పవిత్ర చిహ్నాలను మట్టిపాలు చేసిన వాడిగా చూపింది. బంగారు శిలువ ఉంది, ముళ్ల కిరీటం ఉంది. 16కి 1 మీద వాదన లేదు. అటుపక్క హోమర్ డావెన్‌పోర్ట్ న్యూయార్క్ జర్నల్‌లో, రిపబ్లికన్ అభ్యర్థి విలియం మెకిన్లీ ప్రచార సారథి మార్క్ హానాకు డాలర్ గుర్తుల సూటు తొడిగాడు. అందులోనూ నాణేల లెక్క లేదు, డబ్బున్నవాళ్ల పెత్తనం మీద కోపం ఉంది. రెండు బొమ్మలే చూసినవాడికి ఆ ఏటి అసలు తగువు ఏమిటో అంతుపట్టదు. పైగా అంతకుముందు డెమొక్రటిక్ అభ్యర్థి గ్రోవర్ క్లీవ్‌లాండ్‌ను మోసిన పక్ పత్రిక 1896లో బ్రయన్‌కు ఎదురుతిరిగింది. పత్రికకు ‘డెమొక్రటిక్’ ముద్ర ఒకసారి వేసి ఇరవై ఏళ్లు వాడుకోలేం, ఆ ఏడు ఎవరి వైపో ఆ ఏడే చూసుకోవాలి.

అమెరికా హైస్కూళ్లలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) చరిత్ర చదివే పిల్లలు తెలుగు ఇళ్లలోనూ చాలామందే ఉన్నారు. ఆ పరీక్షలో ఇలాంటి బొమ్మలే ఇచ్చి సందర్భం, ఉద్దేశించిన పాఠకులు, ప్రయోజనం, దృక్కోణం అడుగుతారు. ‘ఇది డెమొక్రాట్లను వెక్కిరిస్తోంది’ అని ఆపేస్తే బొమ్మను వర్ణించినట్టే, విశ్లేషించినట్టు కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా వారి అమెరికన్ ప్రెసిడెన్సీ ప్రాజెక్టులో 1840 నుంచి పార్టీల ప్రణాళికలు పూర్తి పాఠంతో ఉన్నాయి. బొమ్మలోని ఒక్కో రాతకు ప్రణాళికలో వాక్యం వెతకండి. దొరికితే రాసుకోండి, దొరక్కపోతే ఆ మాట ఎవరిదో కనుక్కోండి. గోతిలోనో వేదిక మీదో పలకలు గీసి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి, ప్రణాళికలోని అంశాన్ని ఇంగ్లిష్‌లో ‘ప్లాంక్’ (చెక్క పలక) అంటారు కాబట్టి ఆ అంశాలను పలకలుగా గీయడం మామూలు. 1874 ఏనుగు కిందున్న గోతి మీద పరిచినవీ అవే.

పాత బొమ్మల్లో రంగులకు అర్థం వెతకొద్దు. ఎరుపు రిపబ్లికన్లది, నీలం డెమొక్రాట్లది అన్న పంపకం 2000 ఎన్నికల రాత్రి టీవీ మ్యాపులతో స్థిరపడింది. 1980లో ఎన్‌బీసీ రీగన్ గెలిచిన రాష్ట్రాలకు నీలమే వేసింది. పక్, జడ్జ్ పేజీల్లో నిండిన ఎరుపు రాతి అచ్చులో బాగా పలికే రంగు మాత్రమే, అది ఏ పార్టీదీ కాదు.