కాస్ జెడ్ వద్దు, పిల్లలూ

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కాంప్లెక్స్ ఎనాలిసిస్ పేపరంటే మీకు టెన్షన్‌గా ఉందని అమ్మ చెప్పింది. ఫార్ములాలు బట్టీ పట్టకండి. ఒక్క లెక్క నాతో పాటు చేయండి.

కాస్ ఎక్స్‌ను (ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1)తో భాగించి, మైనస్ ఇన్ఫినిటీ నుంచి ప్లస్ ఇన్ఫినిటీ దాకా ఇంటిగ్రేట్ చేయాలి. ఇంటర్‌లో నేర్చుకున్న పద్ధతులకు ఇది లొంగదు. 1825లో ఫ్రెంచ్ గణితవేత్త కోషీ చూపిన దారి వేరు. ఆర్ అనే పెద్ద సంఖ్య తీసుకుని, మైనస్ ఆర్ నుంచి ప్లస్ ఆర్ దాకా ఎక్స్ గీత మీద నడిచి, పైనున్న అర్ధవృత్తం మీదుగా వెనక్కి రావాలి. సింహాచలం గిరిప్రదక్షిణలో ఓ వీధి అటూ ఇటూ అయినా కొండ లోపల ఉంటే చాలు కదా! ఇక్కడా లోపల ఏ పోల్స్ (హారం సున్నా అయ్యే బిందువులు) ఉన్నాయన్నదే ముఖ్యం. కాకపోతే ప్రదక్షిణలో దేవుడు మనకు కుడివైపు ఉంటాడు, కాంటూర్‌లో, అంటే మనం నడిచే ఈ మూసిన దారిలో, లోపలి భాగం ఎడమవైపు ఉండాలి. ఎదురు తిరిగితే జవాబు ముందు మైనస్ చేరుతుంది.

ఎక్కువమంది తడబడేది ఇక్కడ కాదు. ఎక్స్ తీసేసి కాంప్లెక్స్ సంఖ్య జెడ్ పెట్టి, కాస్ జెడ్‌తోనే మొదలుపెడతారు. జెడ్‌కు 10ఐ (ఐ అంటే మైనస్ 1 వర్గమూలం) ఇచ్చి చూడండి, కాస్ జెడ్ 11,000 దాటిపోతుంది. ఇక అర్ధవృత్తం మీద ఇంటిగ్రల్ సున్నాకు ఎలా వెళ్తుంది? అందుకే ‘ఇ’ పవర్ ఐజెడ్ తీసుకోవాలి. గీత మీద అది కాస్ ఎక్స్ ప్లస్ ఐ సైన్ ఎక్స్, అంటే మనకు కావలసిన కాస్ దాని రియల్ భాగమే. అదే 10ఐ దగ్గర దాని విలువ సుమారు 0.000045. పై సగంలో ఎక్కడా దాని పరిమాణం 1 దాటదు. అర్ధవృత్తం పొడవు పై (π) ఆర్, కింద హారం కనీసం ఆర్ స్క్వేర్ మైనస్ 1. ఆర్ 100 అయితే ఆ భాగం 0.032కు మించదు. ఆర్ పెరిగేకొద్దీ మాయమవుతుంది. ఈ ఒక్క అంచనా రాయకుండా జవాబు రాస్తే నేనైతే సగం మార్కులు కోసేస్తాను.

మిగతాది తేలిక. లోపలున్న పోల్ ఐ ఒక్కటే. అక్కడ రెసిడ్యూ (ఇంటిగ్రల్‌కు ఆ పోల్ ఇచ్చే వాటా): (‘ఇ’ పవర్ మైనస్ 1) బై 2ఐ. రెసిడ్యూ సిద్ధాంతం ప్రకారం దాన్ని 2పై ఐతో గుణిస్తే పై బై ‘ఇ’, అంటే సుమారు 1.1557. సైన్ భాగం బేసి ఫంక్షన్ కాబట్టి సున్నా.

కాస్ లేకుంటే జవాబు పై. పోల్ గీతకు 1 యూనిట్ ఎత్తున ఉంది కాబట్టి ‘ఇ’ ఒక్కసారి భాగించింది. కాస్ 2ఎక్స్ అయితే ‘ఇ’ స్క్వేర్ భాగిస్తుంది. ఎంత ముచ్చటగా ఉందో చూడండి!

ఇక సైన్ ఎక్స్ బై ఎక్స్ మీరే చేయండి. అక్కడ ‘ఇ’ పవర్ ఐజెడ్ బై జెడ్ పెట్టాక పోల్ నడిచే దారి మీదే ఎదురవుతుంది. చిన్న అర్ధవృత్తం గీసి తప్పుకోండి. జవాబు పై రావాలి. స్టెప్పులన్నీ రాసి పంపండి, నేను దిద్దుతాను.

మీ తాతయ్య