అంబాసిడర్‌లో వోల్టేజి ఎక్కడ పోతోంది?

బ్రిటన్‌కు చెందిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనా ఆధారంగా, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 2014 వరకు తయారైన అంబాసిడర్లలో, డైనమో కాలం నాటివాటిని నేటికీ మమకారంతో నడుపుకుంటున్నవారు ఉన్నారు. ఆ పాత బండ్లలో కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు; బ్యాటరీ, ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించే డైనమో, కొన్ని స్విచ్చులు, బల్బులు, వాటిని కలిపే తీగలు మాత్రమే ఉంటాయి. అయినా హెడ్‌లైటు మసకగా వెలుగుతోందని ముందు బల్బును, తర్వాత స్విచ్చును, చివరకు బ్యాటరీని మార్చినా వెలుగు పెరగని సందర్భాలు తరచుగా కనిపిస్తాయి. లోపం చాలాసార్లు పనిచేయని వస్తువులో కాక, దానికి కరెంటు వచ్చే దారిలోనో తిరిగి వెళ్లే దారిలోనో ఉన్న ఒక అతుకులో దాగి ఉండడమే ఇందుకు కారణం.

ఈ కార్లలో బ్యాటరీ ఒక కొసను ఇనుప బాడీకి బిగిస్తారు. దీన్నే మెకానిక్కులు ఎర్త్ అంటారు. బల్బు నుంచి బ్యాటరీకి కరెంటు తిరిగి చేరేది ఈ బాడీ గుండానే కాబట్టి, ఎర్త్ బోల్టు కింద తుప్పో, రంగు పొరో, రాగి మీద పచ్చటి చిలుమో చేరితే అక్కడ కరెంటుకు అడ్డు, అంటే నిరోధం, పుడుతుంది. 12 వోల్టుల 45 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 3.2 ఓములు. దారిలో అర ఓము అదనంగా చేరితే దాదాపు 1.6 వోల్టులు ఆ అతుకు దగ్గరే ఖర్చయిపోతాయి. ఫిలమెంటు కాంతి వోల్టేజికన్నా ఎంతో వేగంగా తగ్గుతుంది కనుక, మిగిలిన 10.4 వోల్టులతో వచ్చే వెలుగు మామూలులో సుమారు 60 శాతమే.

బల్బు తీసేసి హోల్డరులో మల్టీమీటరు పెడితే మాత్రం నిండుగా 12 వోల్టులు కనిపిస్తాయి. మీటరు లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓములు. అది తీసుకునే కరెంటు మైక్రో ఆంపియరు స్థాయిలోనే ఉంటుంది కాబట్టి, ఆ అర ఓము దానికి లెక్కలోకి రాదు. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పూడుకుపోయిన గొట్టంలో కూడా నీటి ఒత్తిడి నిండుగా ఉన్నట్టే ఇదీ. అందుచేత దీపం వెలుగుతుండగానే కొలవాలి. మీటరు ఒక మొనను బల్బు ఎర్త్ దగ్గర, రెండోదాన్ని బ్యాటరీ ఎర్త్ కొస మీద ఆనిస్తే, దారి బాగుంటే వోల్టులో పదో వంతుకు అటూ ఇటూగా చూపుతుంది. అంతకు బాగా ఎక్కువ చూపితే రెండో మొనను ఒక్కొక్క అతుకూ దాటిస్తూ బల్బు వైపు తేవాలి. ఏ అతుకు దాటగానే అంకె ఒక్కసారిగా పడిపోతుందో దోషం అక్కడే. బ్యాటరీ నుంచి బల్బుకు వచ్చే దారినీ ఇలాగే పరీక్షించవచ్చు.

ఇంజనును స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు విషయంలో లెక్క మరీ కఠినం. అది 200 ఆంపియర్లు లాగుతుంటే ఓములో నూరో వంతు నిరోధం కూడా 2 వోల్టులు తినేస్తుంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి దాన్ని బాడీతో కలిపే ఎర్త్ పట్టీ తెగితే, కరెంటు కార్బురేటరుకు వెళ్లే చోక్ కేబులు గుండానో స్పీడోమీటరు కేబులు గుండానో దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ కేబులు వేడెక్కిందంటే కార్బురేటరును కాదు, ఆ పట్టీని చూడాలి.

బ్రిటిష్ కార్లకు విద్యుత్ పరికరాలు అందించిన లూకాస్ సంస్థను అక్కడి కారు ప్రియులు చీకటి రాజు అని ఎగతాళి చేస్తుంటారు. దశాబ్దాల తరబడి వానకు, దుమ్ముకు నానిన అతుకు ఎవరు చేసినదైనా పాడవుతుంది గనుక, ఈ నిందలో కొంత అన్యాయం ఉందనే నా అభిప్రాయం. పైగా లూకాస్ తీగల రంగుల పద్ధతి నేటికీ ఉపకరిస్తుంది: గోధుమ రంగు నేరుగా బ్యాటరీది, తెలుపు ఇగ్నిషన్‌ది, నీలం హెడ్‌లైట్లది, నలుపు ఎర్త్‌ది. అయితే ఎన్నో చేతులు మారిన కారులో నల్లటి తీగ కనిపించగానే అది ఎర్తేనని నమ్మకూడదు.

లోపంలా కనిపించినా లోపం కానివీ ఉన్నాయి. బండి ఆగి ఇంజను నెమ్మదిగా తిరిగే ఐడిలింగ్‌లో డైనమో చాలినంత కరెంటు ఇవ్వలేదు కాబట్టి అప్పుడు లైట్లు తగ్గడం సహజమే. 1950ల నాటి బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొసే ఎర్త్‌గా ఉండేది. దాన్ని నెగటివ్‌కు మార్చినవారు డైనమోలో మిగిలి ఉండే అయస్కాంతత్వాన్ని కూడా తిప్పాలి. అందుకు డైనమో తీగలను విప్పి, దాని ఫీల్డ్ టెర్మినల్‌కు (లోపలి అయస్కాంతపు తీగచుట్ట కొసకు) బ్యాటరీ లైవ్ కొసను, అంటే ఎర్త్ కానిదాన్ని, క్షణం పాటు తాకిస్తారు. స్పార్కుకు కావలసిన అధిక వోల్టేజి పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ మీది రెండు సన్న తీగలను కూడా అప్పుడే తారుమారు చేయాలి: స్పార్క్ ప్లగ్గులో వేడిగా ఉండే నడిమి కొస నెగటివ్ అయితే ఎలక్ట్రాన్లు సులువుగా వెలువడి, తక్కువ వోల్టేజికే స్పార్కు వస్తుంది.