చేప ఆకలి నీటి చేతిలో ఉంది

ఎండాకాలమైనా చలికాలమైనా మన ఒంట్లో వేడి 37 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది, తిన్నదాంట్లో చాలా భాగం ఆ వేడిని కాపాడుకోవడానికే పోతుంది. చేపకు ఆ ఖర్చు లేదు. నీళ్లు ఎంత వేడిగా ఉంటే పెంపకపు చేప ఒళ్లూ దాదాపు అంతే వేడిగా ఉంటుంది, అది మామూలు జాతైనా సరే, రెండు జాతులను కలిపి పుట్టించిన హైబ్రిడ్ అయినా సరే. హాయిగా ఉందే అనిపిస్తుంది గానీ, ఎంత తినాలి, తిన్నది ఎంతసేపట్లో అరగాలి, గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి అన్న సంగతులన్నీ అప్పుడు నీళ్ల చేతిలోకి వెళ్లిపోతాయి. నీటి వేడి 10 డిగ్రీలు పెరిగితే చేప ఒంట్లో జరిగే పనుల వేగం సుమారు రెండింతలవుతుంది.

మరి వేడి పెరిగేకొద్దీ చేప కూడా పెరుగుతూనే పోతుందా? పోదు. తిన్నదాంట్లోంచి బతకడానికి అయ్యే ఖర్చు తీసేయగా మిగిలిందే పెరుగుదల. వేడెక్కేకొద్దీ తిండీ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఒక స్థాయి దాటాక ఆకలి చచ్చిపోవడం మొదలవుతుంది, ఖర్చు మాత్రం ఆగదు. అందుకే చేప బాగా తినే ఉష్ణోగ్రత వేరు, బాగా పెరిగే ఉష్ణోగ్రత వేరు, ఈ రెండోది కాస్త కిందే ఉంటుంది. మేత మీద ఎగబడుతున్నాయి కదా, బ్రహ్మాండంగా పెరుగుతున్నాయి అనుకోవడం అందుకే తొందరపాటు.

ఇందులో నాకు బాగా నచ్చిన ప్రయోగం కెనడా శాస్త్రవేత్త జె. ఆర్. బ్రెట్ బృందం 1969లో ప్రచురించింది. అవి హైబ్రిడ్ చేపలు కావు, సాకై సాల్మన్ పిల్లలు, కానీ అందులో తేలిన సూత్రం అన్ని చేపలకూ పనికొస్తుంది. కడుపు నిండా మేత పెడితే అవి 15 డిగ్రీల దగ్గర బాగా పెరిగాయి. రోజుకు ఒంటి బరువులో 1.5 శాతమే పెడితే మాత్రం సుమారు 5 డిగ్రీల దగ్గర! తిండి తక్కువైనప్పుడు చల్లటి నీళ్లలో ఖర్చు తక్కువ కాబట్టి ఎంతో కొంత మిగిలింది. అంటే 'ఈ చేపకు ఇన్ని డిగ్రీలు మంచిది' అని ఎవరైనా చెబితే, ఎంత మేత మీద అని వెంటనే అడగాలి.

ఇక హైబ్రిడ్ల దగ్గరకొద్దాం. రెండు జాతులను కలిపితే పిల్లలకు ఇద్దరి మంచి గుణాలూ వచ్చేస్తాయని ఒక నమ్మకం ఉంది. కొన్నిసార్లు నిజంగానే కలిసొస్తుంది. పెద్ద స్ట్రైప్డ్ బాస్ చేపలు ఎండలు ముదిరితే చల్లటి లోతుల కోసం వెతుక్కుంటాయి, వైట్ బాస్‌తో కలిపి పుట్టించిన హైబ్రిడ్ మాత్రం చెరువు వేడిని బాగానే ఓర్చుకుని 25 నుంచి 27 డిగ్రీల మధ్య చక్కగా పెరుగుతుంది. తిలాపియాలో కథ చలి వైపు నుంచి నడుస్తుంది: నైలు తిలాపియా త్వరగా పెరుగుతుంది గానీ చలికి తట్టుకోలేదు, బ్లూ తిలాపియా కాస్త ఓర్చుకుంటుంది, అందుకే ఆ రెండింటినీ కలుపుతారు. అలాగని హైబ్రిడ్ అన్న పేరు చలిని ఆపదు. 20 డిగ్రీల కిందికి పోతే తిలాపియాలు మేత మీద ఆసక్తి కోల్పోతాయి, ఇంకా దిగితే తినడమే మానేస్తాయి. అప్పుడూ పాత అలవాటు ప్రకారం మేత పోస్తూ ఉంటే అది చేపకు చేరదు, అడుగున కుళ్లుతుంది. ఒక వేడి దగ్గర తల్లిదండ్రులను దాటిపోయిన హైబ్రిడ్ ఇంకో వేడి దగ్గర మామూలుగా ఉండొచ్చు, తల్లి ఏ జాతి, తండ్రి ఏ జాతి అన్నది తిరగేస్తే కూడా ఫలితం మారొచ్చు. క్యాట్‌ఫిష్‌లో ఆడ చానెల్ జాతిని, మగ బ్లూ జాతిని కలిపిన హైబ్రిడ్‌నే అమెరికా రైతులు ఎక్కువగా పెంచేది ఊరికే కాదు.

వేడి వైపు అసలు టెన్షన్ ఆక్సిజన్‌తో. 20 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది 7.5కు పడిపోతుంది. చేపకు కావలసింది పెరుగుతుంటే నీళ్లలో దొరికేది తగ్గుతుందన్నమాట. పైగా తిన్నది అరిగించుకోవడానికి ఇంకాస్త ఆక్సిజన్ కావాలి. సాయంత్రం కడుపు నిండా మేత పెడితే, రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ తయారు చేయకపోగా పీల్చుకుంటుంది కాబట్టి, తెల్లవారుజామున చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇది చాలదన్నట్టు చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియా ఒకటి. పీహెచ్ 8 ఉన్న నీళ్లలో 20 డిగ్రీల దగ్గర అమ్మోనియాలో విషరూపం 4 శాతం లోపే, 30కి వెళ్తే 7 శాతం దాటుతుంది. నీళ్లు అవే, చేపలు అవే, మేతా అదే.

ఇంతకీ ఆ ఉష్ణోగ్రత కొలిచేది ఎక్కడ? మిట్టమధ్యాహ్నం గట్టున నిలబడి పైపై నీళ్లలో థర్మామీటర్ ముంచితే వచ్చే అంకె చేప ఉన్న చోటిది కాకపోవచ్చు. ఎండకు పైనీళ్లు తేలికై పైనే ఉండిపోతాయి, చల్లటి బరువైన నీళ్లు అడుగున ఉంటాయి. నీళ్లను చిలికి గాలి పట్టించే ఏరేటర్ తిరుగుతున్నప్పుడు రెండూ కలుస్తాయి, ఆపితే మళ్లీ పొరలు కడతాయి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, చేపలు తిరిగే లోతులో కొలవాలి, ఆ రోజు మేత ఎంతో అప్పుడు తేల్చుకోవాలి.